ఒళ్ళో గిటారు కుదురుగా ఉండాలంటే

ల్యాప్ స్టీల్ అంటే ఒళ్ళో పడుకోబెట్టుకుని, తీగల మీద బార్ అనే ఉక్కు కడ్డీని జరుపుతూ వాయించే గిటారు. దాన్ని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఏ ట్యూనింగ్ మంచిది, ఆరు తీగలు చాలా ఎనిమిది కావాలా, బార్ ఎంత బరువుండాలి అని అడుగుతుంటారు. ఎందులో కూర్చుని వాయించాలి అని అడిగేవాళ్ళు అరుదు. నడుమో మెడో పట్టేశాక మాత్రం కుర్చీ సంగతి గుర్తొస్తుంది. అప్పుడైనా "మంచి మెత్తటి సీటు ఏదైనా ఉంటే చెప్పండి" అంటారు. నాకు పేచీ అక్కడే. మెత్తదనం కోసం వెతికితే ఈ వాద్యానికి సరైన సీటు దొరకదు. ల్యాప్ స్టీల్ వాయించేవాళ్ళు సీటుని ముందు శ్రుతి కోసం చూసుకోవాలి. శ్రుతి నిలిచేలా సీటు కుదిరితే ఒంటికి హాయి దాని వెనకే వస్తుంది. హాయి ఒక్కటే చూసుకుని కొంటే రెండూ పోతాయి.

ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. మామూలు గిటారులో ఫ్రెట్ అనే లోహపు కమ్మీ వెనక వేలు ఎక్కడ నొక్కినా స్వరం ఆ ఫ్రెట్ దగ్గరే ఖాయమవుతుంది. స్టీల్ గిటారులో ఆ వెసులుబాటు లేదు. బోర్డు మీద ఉన్నవి ఉత్త గీతలే. బార్ ఎక్కడ ఆనితే స్వరం అక్కడే. చాలా ల్యాప్ స్టీళ్ళలో నట్ నుంచి (గిటారు తల దగ్గర తీగలు ఆనే చోటు) బ్రిడ్జి దాకా (రెండో చివర ఆనే చోటు) తీగ పొడవు 22.5 అంగుళాలు. లెక్క కడితే 11వ గీతకీ 12వ గీతకీ మధ్య దూరం 17 మిల్లీమీటర్లు వస్తుంది. పక్కపక్క గీతల మధ్య తేడా ఒక అర్ధస్వరం, దాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు కాబట్టి, అక్కడ బార్ ఒక్క మిల్లీమీటరు జరిగితే స్వరం దాదాపు 6 సెంట్లు తప్పుతుంది. 24వ గీత దగ్గర అదే మిల్లీమీటరుకి 12 సెంట్లు. రెండు మూడు తీగలు కలిసి మోగుతున్నప్పుడు, పక్కన ఇంకో వాద్యం పట్టి వాయిస్తున్నప్పుడు ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది. ఇంత పట్టింపున్న గిటారుని మనం పెట్టుకునేది తొడల మీద. తొడలు ఎలా ఉండాలో నిర్ణయించేది సీటు.

ఇందులో కంటి పాత్ర కూడా ఉంది. ల్యాప్ స్టీల్‌లో తీగలు బోర్డుకి బాగా ఎత్తులో, సుమారు ఒక సెంటీమీటరు పైన ఉంటాయి. బార్ పైన, గీత కింద. కన్ను సరిగ్గా బార్ మీదికి నిట్టనిలువుగా ఉంటే రెండూ ఒకే చోట కనిపిస్తాయి. చూపు 10 డిగ్రీలు పక్కకి వాలిందంటే గీత దాదాపు 2 మిల్లీమీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది. 12వ గీత దగ్గర అది 10 సెంట్ల పైచిలుకు. ఎప్పుడూ ఒకేలా కూర్చునేవాళ్ళకి ఇది సమస్య కాదు. కన్ను చూపించేదానికీ చెవికి వినిపించేదానికీ మధ్య తేడాని చెయ్యి తనే సర్దుకోవడం నేర్చుకుంటుంది. కానీ మెత్తటి సీటు పది నిమిషాలకి ఒకలా, అరగంటకి ఇంకోలా కుంగుతుంది. నడుం వంగుతుంది, తల ముందుకి వస్తుంది, ఒక పక్కకి ఒరుగుతుంది. నేర్చుకున్న ఆ సర్దుబాటు తప్పిపోతుంది. "ఇవాళ చెయ్యి పలకడం లేదు" అనిపించే రోజుల్లో చాలావాటికి కారణం చెయ్యి కాదు, కింద కుంగిన స్పాంజి అని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి ఈ వాద్యం పుట్టుకలోనే ఉంది. 19వ శతాబ్దం చివర్లో హవాయిలో జోసెఫ్ కెకుకు తరం వాళ్ళు ఒళ్ళో పడుకోబెట్టింది మామూలు బోలు గిటారునే. ఈ పద్ధతికి ఆద్యుడిగా ఆయన పేరే ఎక్కువగా చెబుతారు. ఆ గిటారుకి పెద్ద పొట్ట ఉంటుంది, రెండు తొడల మీదా పరుచుకుని కూర్చుంటుంది. దాని లోతు కూడా నాలుగు అంగుళాల వరకూ ఉంటుంది కాబట్టి తీగలు ఆ మేరకి చేతులకి దగ్గరగా వస్తాయి. 1930ల మొదట్లో రికెన్‌బాకర్ కంపెనీవాళ్ళు అల్యూమినియం పోతతో ఎలక్ట్రిక్ స్టీల్ తెచ్చారు. దాని ఆకారం చూసి అందరూ ఫ్రైయింగ్ పాన్ అన్నారు. తీగల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ నుంచి శబ్దం వస్తున్నప్పుడు బోలు పొట్టతో పనేముంది? ఆ తర్వాత వచ్చిన ల్యాప్ స్టీళ్ళు రెండు అంగుళాల మందమైనా లేని పలకలుగా మారాయి. శబ్దానికి అది మేలే. ఒంటికి మాత్రం రెండు కష్టాలు వచ్చిపడ్డాయి. తీగలు రెండు అంగుళాలు కిందికి దిగాయి. ఒళ్ళో ఆనే చోటు తగ్గింది. సన్నటి పలక తొడల మీద నిలవాలంటే ఆ తొడలు సమంగా ఉండక తప్పదు.

మెడనొప్పి గురించి ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మా మిత్రుడొకాయన ఎత్తు పెంచుకునే పియానో బెంచీ కొన్నారు. "ఎత్తు పెంచుకుంటూ పోతున్నానండీ, మెడ మాత్రం తగ్గడం లేదు" అన్నారు. వాయించమని పక్కన కూర్చుని చూశాను. బెంచీ బాగా పైకి లేచి ఉంది. మడమలు నేలకి ఆనడం లేదు. తొడలు మోకాళ్ళ వైపు వాలిపోయాయి. గిటారు ముందుకి జారుతుంటే ఎడమ మణికట్టుతో దాన్ని వెనక్కి అదిమి పట్టుకుంటున్నారు. ఆ మణికట్టే బార్‌ని కూడా నడపాలి. రెండు పనులూ చూసుకోవడానికి తల మరింత కిందికి వంచుతున్నారు.

సీటు పెంచితే ఒడి పైకి లేస్తుంది, దాంతోపాటు భుజాలూ లేస్తాయి, కళ్ళూ లేస్తాయి. భుజానికీ తీగలకీ మధ్య దూరం ఎంత ఉందో అంతే ఉంటుంది. గిటారు ఒళ్ళో ఉన్నంతసేపూ సీటు ఎత్తు వల్ల మారేది తొడల వాలు ఒక్కటే. మెడకి సీటు ఎత్తులో మందు లేదు. ఆయన బెంచీని తొడలు సమం అయ్యేదాకా దించి, ఒడికీ గిటారుకీ మధ్య గట్టి ఫోమ్ పలక ఒకటి పెట్టాం. రెండు అంగుళాల మందం, పైనా కిందా జారకుండా రబ్బరు జాలీ ముక్కలు. పాతకాలపు గిటారు పొట్ట ఇచ్చిన ఎత్తు అలా తిరిగొచ్చింది. మోచేతులు ఒంటి పక్కన సడలి, ముంజేతులు నేలకి సమాంతరంగా నిలిచాయి. "అరే, ఇప్పుడు కిందికి చూడక్కర్లేదే" అన్నారాయన. చూడాలి, కానీ మెడ విరుచుకుని కాదు, కళ్ళు దించి.

మీ తొడలు సమంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి గిటారు కూడా అక్కర్లేదు. గట్టి అట్ట ఉన్న పెద్ద పుస్తకం ఒకటి, మీ బార్ ఒకటి చాలు. పాదాలు నేలకి పూర్తిగా ఆనించి కూర్చోండి. పుస్తకాన్ని రెండు తొడల మీదా అడ్డంగా పెట్టండి. గుండ్రటి బార్‌ని దాని మీద గిటారు తీగల దిశలో పడుకోబెట్టి వదలండి. మోకాళ్ళ వైపు దొర్లితే ఆ సీటు మీకు ఎత్తు ఎక్కువ. మీ వైపు నెమ్మదిగా దొర్లితే పరవాలేదు, నా లెక్కలో అదే కావలసింది. వడిగా వచ్చి పొట్టకి కొట్టుకుంటే సీటు మరీ పల్లం. తర్వాత బార్‌ని అడ్డంగా తిప్పి, కుడి ఎడమల సంగతి చూడండి. అటు ఏమాత్రం దొర్లినా ఒప్పుకోవద్దు. కొనే చోట కూడా ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి, రోజూ గంటల తరబడి ఆ సీటు మీద కూర్చోవలసింది మీరు.

వీపు గురించి చదివినవాళ్ళు ఇక్కడ అడ్డుపడతారు. కూర్చున్నప్పుడు మోకాళ్ళు తుంటి కంటే కాస్త కిందికి ఉంటే నడుముకి మంచిదని పియానో వాళ్ళకి చెబుతారు కదా, మీరు దానికి ఎదురు చెబుతున్నారేమిటి అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే. మోకాళ్ళు పైకి వస్తే కటి వెనక్కి తిరిగి నడుము గుండ్రంగా వంగుతుంది. కానీ పియానో ఒళ్ళో కూర్చోదు. మన ఒడి ఏటవాలు అయితే గిటారు నిలవదు. ఈ రెండింటికీ రాజీ ఉంది. సీటు ముందు సగంలోనే కూర్చోవాలి. పిర్రల కింద మాత్రమే, వెనక ఎత్తుగా ముందుకి పల్చగా ఉండే గట్టి మెత్త ఒకటి పెట్టుకోవాలి. తొడల కిందికి అది రాకూడదు. కటి ముందుకి తిరుగుతుంది, నడుము తనంతట తనే నిలబడుతుంది. ఆ మెత్త వల్ల పెరిగిన ఎత్తుకి సరిపడా పాదాల కింద పలక వేసుకుంటే తొడలు మళ్ళీ సమానమవుతాయి. కటి సంగతి మెత్త చూసుకుంటుంది, తొడల సంగతి పాదాల కింది పలక చూసుకుంటుంది. ఈ రెండు పనుల్నీ ఒక్క సీటు ఎత్తుతోనే సాధించాలనుకుంటే ఎప్పటికీ కుదరదు.

ఇక కాలితో శబ్దాన్ని పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్. దీన్ని వాడేవాళ్ళు ఈ ఒక్క విషయం తప్పకుండా గమనించాలి. కుడి పాదం పెడల్ మీద పెట్టగానే అది నేల నుంచి రెండు మూడు అంగుళాలు లేస్తుంది. పాదం లేస్తే మోకాలు, మోకాలు లేస్తే తొడ. గిటారు బ్రిడ్జి వైపు పైకి, తల వైపు కిందికి ఒరుగుతుంది. ముప్పాతిక అంగుళం కంటే కాస్త ఎక్కువ లావు, మూడంగుళాల పైచిలుకు పొడవు ఉన్న ఉక్కు బార్ పావు కిలో దాకా తూగుతుంది. నున్నటి తీగల మీద ఆ బరువు వాలు ఎటుంటే అటే జారాలని చూస్తుంది. అంటే నట్ వైపు, స్వరం తగ్గే వైపు. దాన్ని ఆపడానికి వేళ్ళు తెలియకుండానే బిగుసుకుంటాయి. బిగుసుకున్న చేత్తో వైబ్రాటో (స్వరాన్ని సన్నగా ఊపడం) పలకదు, వణుకు మాత్రం వస్తుంది. ఇది చూసి "మీరు బార్ గట్టిగా పట్టుకుంటున్నారు, వదులు చేయండి" అని సలహా ఇస్తారు. వదులు చేస్తే జారిపోతుంటే పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

దీనికి వరస ముఖ్యం. ముందు పెడల్ ఎక్కడ ఉండాలో చూసుకోండి. మడమ పెడల్ మీద ఆనిన స్థితిలో దాని ఎత్తు కొలవండి. ఎడమ పాదం కింద అంతే ఎత్తు చెక్క పెట్టండి. రెండు పాదాలూ లేచాయి కాబట్టి సీటుని కూడా అంతే పెంచండి. పెడల్ నడిపేటప్పుడు చీలమండ మాత్రమే కదలాలి. మోకాలు కదులుతోందంటే పెడల్ మరీ దగ్గరగా ఉందన్నమాట, ముందుకి జరపండి. చాలామంది సీటు ముందు కొనేసి, పెడల్ తర్వాత తెచ్చుకుని, ఎడమ పాదం సంగతి అసలు తలపెట్టరు. ఆ క్రమం పూర్తిగా తిరగబడాలి.

సీటు ఎత్తు ఎంత అంటే, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా కొలుచుకోండి. బూట్లతో వాయించేవాళ్ళు బూట్లతోనే కొలవాలి. సీటు మీద బరువు వేశాక దాని ఎత్తు ఆ కొలత అంతే ఉండాలి, లేదా ఒక వేలి మందం తక్కువ. మామూలు భోజనాల బల్ల కుర్చీలు 17, 18 అంగుళాలు ఉంటాయి. పొట్టివాళ్ళకి అది ఎక్కువ. వాళ్ళు కుర్చీ కాళ్ళు కోయక్కర్లేదు, పాదాల కింద పలక వేసుకుంటే సరిపోతుంది.

ఏ రకం అంటే, ఎత్తు మార్చుకునే పియానో బెంచీకే నా ఓటు. పక్కనున్న మరలు తిప్పితే కావలసినంత సన్నగా పెరుగుతుంది, తగ్గుతుంది. పైభాగం చదును. తొడలు ఎడంగా పెట్టుకోవడానికి వెడల్పు చాలినంత ఉంటుంది. ఎక్స్ ఆకారంలో మడిచే కీబోర్డు బెంచీలు మోసుకెళ్ళడానికి తేలిక గానీ, ఎత్తు మెట్లు మెట్లుగా మాత్రమే మారుతుంది. మీకు కావలసింది సరిగ్గా రెండు మెట్ల మధ్య ఉంటుంది. డ్రమ్స్ వాళ్ళ స్టూలు చాలామంది సిఫారసు చేస్తారు. అందులో గుండ్రటి సీటు ఉన్నది నేను వద్దనే అంటాను. డ్రమ్మర్‌కి తొడలు స్వేచ్ఛగా ఆడాలి కాబట్టి ఆ సీటు పిర్రల వరకే ఆధారమిస్తుంది. మనకి కావలసింది అందుకు విరుద్ధం. తొడల కింద రెండు రెక్కల్లా సాగే జీను ఆకారపు సీటు అయితే మంచిదే. మూడు కాళ్ళది కాబట్టి నేల ఎగుడుదిగుడుగా ఉన్నా గడగడలాడదు. నాలుగు కాళ్ళ కుర్చీకి ఆ భాగ్యం లేదు, ఒక కాలి కింద అట్ట ముక్క పెట్టాల్సిందే. పెడల్ స్టీల్ (పెడళ్ళతో తీగల శ్రుతి మార్చే, కాళ్ళున్న స్టీల్ గిటారు) వాళ్ళు వాడే పెట్టె సీటు కూడా బాగుంటుంది, పైన గట్టి మెత్త, లోపల బార్లు, పిక్కులు, తీగలు పెట్టుకునే చోటు.

ఆఫీసు కుర్చీ మీద నాకు సదభిప్రాయం లేదు. చక్రాలున్న కుర్చీలో కూర్చుని వాల్యూమ్ పెడల్ నొక్కితే మనమే వెనక్కి పోతాం. వీపు ఆనించగానే వెనక్కి ఒరిగే సీటు తొడల్ని కూడా ఒరగదీస్తుంది. ఆ కుర్చీకి చేతులు ఉండనే ఉంటాయి. ల్యాప్ స్టీల్ ముప్పై అంగుళాల పైనే ఉంటుంది. చేతులున్న ఏ కుర్చీలోనూ అది ఇమడదు, ఇమిడినా కుడి మోచెయ్యి తగులుతుంది. చేతులు లేనిదే కుర్చీ అని మొదటే తీర్మానించుకుంటే సగం తలనొప్పి పోతుంది. కిర్రుమనే కుర్చీ కూడా వద్దు. వాయించేటప్పుడు మనకి వినపడదు, రికార్డింగులో మైకు అన్నీ పట్టేస్తుంది, ముఖ్యంగా అకౌస్టిక్ గిటారు అయితే.

సీటు మీద మెత్త అసలే వద్దనను. బట్టగట్టిన చెక్క మీద గంటసేపు ఎవరూ కూర్చోలేరు. రెండు అంగుళాల గట్టి ఫోమ్, బొటనవేలితో నొక్కితే అడుగు తగలనిది, వేలు తీయగానే తిరిగి లేచేది కావాలి. ముందు అంచు గుండ్రంగా వంగి ఉండాలి. పదునైన అంచు తొడ కింద ఒత్తుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. పైన గిటారు బరువు కూడా ఉందిగా, ఇంకాస్త త్వరగా ఎక్కుతాయి. కొనేముందు రెండు నిమిషాలు కూర్చుంటే ఇవేవీ బయటపడవు. అరగంట కూర్చోనిస్తేనే కొనండి. ఎంత మంచి సీటైనా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం మానొద్దు.

నేల మీద కూర్చునే సంప్రదాయం ఈ వాద్యానికి ఇంకో దారి. విశ్వమోహన్ భట్, దేబాశీష్ భట్టాచార్య వంటి హిందుస్తానీ స్లైడ్ గిటార్ విద్వాంసులు బాసింపట్టు వేసుకుని, గిటారుని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని గంటల తరబడి కచేరీలు చేస్తారు. ఆ భంగిమలో మోకాళ్ళు దూరంగా ఉంటాయి కాబట్టి గిటారుకి ఆధారం విశాలంగా దొరుకుతుంది, కదలనే కదలదు. కాళ్ళు మడవడం చిన్నప్పటి నుంచీ అలవాటున్నవాళ్ళకి ఇంతకంటే నిలకడైన సీటు లేదనే చెప్పాలి. పిర్రల కింద గట్టిగా మడిచిన దుప్పటి వేసుకుని తుంటి కొంచెం లేపుకుంటే నడుముకి శ్రమ ఉండదు. అలవాటు లేనివాళ్ళు గొప్ప విద్వాంసుల్ని చూసి బలవంతంగా అలా కూర్చోనక్కర్లేదు. తిమ్మిరెక్కిన కాళ్ళతో రాగం మీద ధ్యాస నిలవదు.

పైన చెప్పిందంతా గిటారు ఒళ్ళో ఉన్నప్పటి మాట. స్టాండు మీదికి, లేదా కాళ్ళున్న కన్సోల్ స్టీల్‌కి మారితే లెక్క మొత్తం తలకిందులవుతుంది. గిటారు ఎత్తు స్థిరం, మీరు మాత్రమే కదులుతారు. అప్పుడు సీటు ఎత్తే మెడనీ భుజాల్నీ నిర్ణయిస్తుంది, తొడల వాలుతో పని ఉండదు. మోకాళ్ళు తుంటి కంటే కిందికి ఉన్నా నష్టం లేదు, కిందనుంచి గిటారుకి తగలకుండా ఉంటే చాలు. నడుము పొడుగ్గా ఉన్నవాళ్ళకి, ఒళ్ళో రెండు అంగుళాల పలక పెట్టుకున్నా వంగక తప్పనివాళ్ళకి నేను స్టాండే సూచిస్తాను. కానీ స్టాండు కోసం సరిచూసుకున్న సీటుని ఒళ్ళో వాయించేటప్పుడు అలాగే వాడేయకూడదు. ఒకే బెంచీ అయినా రెండు ఎత్తులకీ దాని కాలి మీద రెండు గుర్తులు పెట్టుకోండి.

బయట వాయించడానికి వెళ్ళినప్పుడు సీటు మన చేతుల్లో ఉండదు. పిలిచినవాళ్ళకి ముందే ఫోన్ చేసి, చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి కావాలని అడగండి, మైకులూ కేబుళ్ళూ అడిగేటప్పుడే ఇదీ అడగండి. ఎవరూ కాదనరు. అయినా నేను సంచిలో ఒక వెనకెత్తు మెత్త, పాదం కిందికి ఒకే మందం ఉన్న రెండు చెక్కలు, రబ్బరు జాలీ ముక్కలు పెట్టుకునే వెళ్తాను. మడత కుర్చీ వెనక్కి వాలి ఉంటే మెత్త దాన్ని సరిచేస్తుంది. కుర్చీ ఎత్తు ఎక్కువైతే రెండు చెక్కలూ రెండు పాదాల కిందికి, పెడల్ ఉంటే ఒకటి ఎడమ పాదం కిందికి. సౌండ్ చెక్‌కి పిలిచేలోపు ఆంప్లిఫయర్ ముట్టుకోకుండా ముందు ఈ పని పూర్తిచేసి, బార్‌ని గిటారు మీద అడ్డంగా, నిలువుగా ఒకసారి దొర్లించి చూసుకుంటాను.